ఖాకీ అంగి, డోంట్ సెండ్ బటన్

మొన్న శుక్రవారం నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, నవ్వద్దు మరి! నవ్వుతరు లెండి, నాకెర్కే. చాయ్ కప్పులు మాత్రం జర కింద పెట్టుండ్రి. పోయినసారి మీరు నవ్వితె నా చీర ఖరాబైంది.

నేను ఆర్మూర్ల కంప్యూటర్ సెంటర్ల పిల్లలకు నేర్పిస్త గద. వాళ్లు "మేడం, మేడం" అంటుంటె కంప్యూటర్ నేనే కనిపెట్టిన్నా ఏంది అనిపిస్తది. గా ధీమాతోనె ఇంట్ల ఒక అసెంబుల్డ్ సిస్టమ్ కొన్న. విండోస్ ఎక్స్‌పీ ఏసుకున్న. సీడీ యాడికెల్లి వచ్చింది అంటరా? మీ అందరికి యాడికెల్లి వచ్చిందో నాకు గూడ అక్కడికెల్లే. పైన స్కెచ్ పెన్నుతోని రాసుంటది చూడుండ్రి, గా సీడీయే.

అది చేతిల పెట్టుకుంట మా సెంటర్ సార్ ఒక మాట చెప్పిండు. "చూడు సుజాతా, ఏదన్న ప్రోగ్రాం మధ్యల పడిపోయిందంటె ఒక డబ్బా వస్తది. ఎర్రర్ రిపోర్ట్ పంపాల్నా అని అడుగుతది. సెండ్ అస్సలు కొట్టకు. మనది దొంగ సీడీ అని కంపెనోళ్లకు తెలిసిపోతది. తర్వాత పోలీసులే!" సార్ నవ్వుకుంటనె అన్నడు గని నేను కొంగున ముడేసుకున్న. గప్పటికెల్లి ఆ డబ్బా వస్తె చాలు, డోంట్ సెండ్ మీద గుద్దుడే.

ఇగ శుక్రవారం సంగతికి వస్త. మా చెల్లె లక్ష్మికి కొడుకు పుట్టిండు గద, ఆ రోజు తొట్టెల, అంటె వాన్ని ఉయ్యాలల ఏసే పండుగ. మరిది మహేష్ దుబాయ్‌ల ఉన్నడు. కొడుకు మొకం ఇంక చూడలే. ఫోన్ల ఏడుపు మాత్రం విన్నడు. శుక్రవారం ఆయనకు సెలవు, పక్క రూం దోస్తు కాడ కంప్యూటర్ ఉన్నది. ఆ దోస్తు పొద్దుగూకంగనె డ్యూటీకి పోతడు, పోయేటప్పుడు రూంకు తాళమేస్తడు. అందుకని నేను వెబ్ కెమెరా కొనుక్కొచ్చి, "నువ్వు ఫికర్ చెయ్యకు మరిదీ, నేనున్న గద! నీ కొడుకును ఎదురుంగ కూసున్నట్టు చూపిస్త" అని మాటిచ్చిన. నోటికి హద్దు ఉండాలె గద!

తొట్టెల అమ్మోళ్ల ఇంట్ల అయింది. మాది గూడ అదే గల్లీ. మధ్యాహ్నం అన్నాలు తినంగనె అమ్మ, లక్ష్మి పిలగాన్ని ఎత్తుకొని మా ఇంటికి వచ్చిండ్రు. లక్ష్మి పట్టుచీర కట్టుకొని పూలు పెట్టుకున్నది. వానికి కాటుక, దిష్టి చుక్క, కొత్త టోపీ. నేను కెమెరా పెట్టి, మెసెంజర్ తెరిచి, వీడియో బటన్ నొక్కిన.

టంగ్! ప్రోగ్రాం పడిపోయింది. డబ్బా వచ్చింది. డోంట్ సెండ్.

మళ్ల తెరిచిన. మళ్ల నొక్కిన. టంగ్! డబ్బా. డోంట్ సెండ్.

"ఎవలన్న తుమ్మిండ్రానే?" అన్నది అమ్మ. "జరసేపు కూసోని, మంచినీళ్లు తాగి మొదలువెట్టు."

పసుపు ఆరబోసే రోజుల్ల ఆర్మూర్ల తుమ్ములు చూసుకుంటె ఎవ్వరు గడప దాటరు! అయినా పెద్దమనిషి మాటని నీళ్లు తాగిన. సిస్టమ్ గూడ ఒకసారి బంద్ చేసి మళ్ల పెట్టిన. వీడియో నొక్కిన. టంగ్!

"ఏమంటుందే అది?" అమ్మ దగ్గరికి జరిగింది.

"ప్రోగ్రాం పడిపోయింది, మాఫ్ చెయ్యిండ్రి అంటుంది. ఏమైందో రాసి పంపాల్నా అని అడుగుతుంది. గిది నొక్కితె పంపుతది, గిది నొక్కితె పంపది."

"పాపం, మర్యాదగల్లదే! తప్పు చేసి మాఫ్ అడుగుతుంది. పంపరాదు?"

"నీకు తెల్వదమ్మా, ఊకో!" అన్న. నేను మేడంను గద మరి!

ఈలోపు సిస్టమ్ ఎద్దుబండి లెక్క అయింది. మౌస్ కదిలిస్తె ఎప్పటికో కదులుతుంది. లోపల హార్డ్ డిస్క్ గరగర ఒకటే సప్పుడు. లోపల ఏమేం నడుస్తున్నయో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి చూసిన. అండ్ల డంప్‌రెప్ అని ఒకటి, డీడబ్ల్యూవిన్ అని ఒకటి. రెప్ అంటె రిపోర్టే గద! ఓహో! నేను వద్దు వద్దు అంటుంటె గీళ్లు ఎనుకకెల్లి కూసొని నా మీద చాడీలు రాస్తున్నరన్నట్టు! మస్తు కోపమొచ్చింది. ఎండ్ ప్రాసెస్. ఇంకొకడు, ఎండ్ ప్రాసెస్. గరగర ఆగింది. సిస్టమ్ తేలికైంది. మెసెంజర్ తెరిస్తె ఏం అదృష్టమో, వీడియో వచ్చింది! మహేష్ మొకం కనవడ్డది. తల దువ్వుకొని, కొత్త అంగి తొడుక్కొని కూసున్నడు పాపం.

"వదినా! వస్తున్నది, వస్తున్నది! ఏడి, చిన్నోడేడి?"

లక్ష్మి పిలగాన్ని తెచ్చెటందుకు లేచింది. నేను గమ్మున ఉండొద్దా? ఉంటె మేడంను ఎందుకైత! చాడీలు చెప్పెటోళ్లు ఇంక ఎవలన్న మిగిలిండ్రా అని మళ్ల టాస్క్ మేనేజర్ తెరిచిన. ఎస్‌వీసీహోస్ట్ అని ఒకే పేరు మీద వరుసగ ఉన్నయి. ఒకే పేరుతోని అంతమంది అంటె దొంగలు కాకుంటె ఎవలు? ఒకన్ని ఎండ్ చేసిన. ఏం కాలే. ఇంకొకన్ని ఎండ్ చేసిన.

నడుమల ఇంకో డబ్బా! సిస్టమ్ బంద్ అయితుంది, మీ పనులు భద్రం చేసుకోండ్రి అని. నిమిషం టైం ఇచ్చింది. అంకెలు ఎనుకకు ఉరుకుతున్నయి!

"లక్ష్మీ, జల్ది రా! ఉరుకు!"

"వస్తున్న అక్కా, వీడు ఉచ్చ పోసిండు!"

"పోస్తె పోసిండు, గట్లనె తే!"

లక్ష్మి ఉరికొచ్చి వాన్ని కెమెరా ముందర ఎత్తింది. ఖర్మకు కెమెరా దిక్కు వాని వీపు ఉన్నది. "ఇటు తిప్పు, ఇటు తిప్పు" అని మహేష్ వొర్రుతుండు. తిప్పంగనె స్క్రీన్ నల్లగైంది. పాపం, దుబాయ్‌ల ఉన్న తండ్రి మొట్టమొదటిసారి చూసింది కొడుకు తడిసిన ముడ్డి!

మహేష్ మిస్డ్ కాల్ మీద మిస్డ్ కాల్ ఇస్తుండు. లక్ష్మి పిలగాన్ని ఒడిల పెట్టుకొని గోడకు ఒరిగి కూసున్నది. కండ్ల నీళ్లు కారుతుంటె కాటుకతోని మొకమంత పాడైతుంది. అది చూసి నా పానం చివుక్కుమన్నది. దుబాయ్‌ల పొద్దు మనకంటె జర ఆలస్యంగ గుంకుతది గద, ఇంక టైం ఉన్నది అని సముదాయించిన గని నాకే నమ్మకం లేదు. సిస్టమ్ మళ్ల పెట్టిన. వీడియో నొక్కిన. టంగ్! మళ్ల అదే డబ్బా.

"జర చాయ్ పెట్టుకొస్త" అని వంటింట్లకు పోయిన. నిజం చెప్పాల్నంటె లక్ష్మి మొకం చూడలేక పోయిన. చాయ్‌పత్త ఏస్తుంటె "టక్" అని సప్పుడైంది.

ఉరికొచ్చిన. అమ్మ చెయ్యి మౌస్ మీద ఉన్నది.

"ఏం చేసినవమ్మా?"

"పంపిన" అన్నది హాయిగ. "దవాఖానకు పోయి యాడ నొస్తుందో చెప్పకుంటె డాక్టర్ ఏం మందిస్తడే? నువ్వు ఇందాకటిసంది వద్దంటనె ఉన్నవ్!"

సెండ్! అమ్మ సెండ్ కొట్టింది! ఉరికిపోయి గా సీడీని బియ్యం డబ్బాల కుక్కిన. తలుపు దగ్గరికేసిన. వచ్చి చూస్తె స్క్రీన్ మీద ఒక లింకు ఉన్నది. దేవునికి దండం పెట్టి నొక్కిన. పేజీ తెరుచుకున్నది. దాంట్ల పోలీసుల ముచ్చట లేదు, సీడీ ముచ్చట లేదు. మీ వెబ్ కెమెరా డ్రైవర్ పాతది, అందుకే ప్రోగ్రాం పడిపోతుంది, కొత్తది గిక్కడ ఉన్నది తీసుకోండ్రి, గంతే! ఫస్టుసారె సెండ్ కొట్టి ఉంటె లక్ష్మి కాటుక చెదరకముందే పని అయిపోతుండె!

కొత్త డ్రైవర్ దిగెవరకు ముగ్గురం ఊపిరి పట్టుకొని కూసున్నం. ఎక్కించిన. వీడియో నొక్కిన. ఈసారి టంగ్ లేదు. మహేష్ వచ్చిండు.

లక్ష్మి పిలగాన్ని తిన్నగ పట్టింది. మహేష్ స్క్రీన్ దగ్గరికి జరిగిండు. తర్వాత మెల్లగ "చెవులు నాయే గద?" అన్నడు. లక్ష్మి నవ్వుకుంట ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన, ఎందుకు దాచాలె.

గప్పుడు తలుపు కొట్టిండ్రు.

తలుపు సందులకెల్లి చూసిన. ఖాకీ అంగి. ఖాకీ ప్యాంటు. మీసాలు. నా పై పానం పైన్నే పోయింది.

"కంప్యూటర్ ఉన్న ఇల్లు గిదేనా అమ్మా?" అన్నడు.

"లేదు సార్! మా ఇంట్ల కంప్యూటరే లేదు!"

ఎనుకకెల్లి స్పీకర్ల మహేష్ గొంతు ఖంగుమన్నది. "వదినా! చిన్నోన్ని జర వెలుతురుకు జరపమను!"

"టీవీ సార్ అది" అన్న.

ఆయన తల గోక్కున్నడు. "టీవీ మిమ్మల్ని వదినా అంటున్నది గదమ్మా?"

ఇగ నేను ఆగలే. "సార్, తప్పైంది! సీడీ నాది కాదు, మా సెంటర్ సార్ ఇచ్చిండు! బియ్యం డబ్బాల ఉన్నది, ఇప్పుడే తెచ్చిస్త! సెండ్ కొట్టింది మా అమ్మ, పెద్దమనిషి, ఆమెను ఏమనకుండ్రి!"

అమ్మ లోపలికెల్లి వచ్చింది. "అగో, రాజన్నా! డ్యూటీ దిగినవా? రా, రా, లోపలికి రా!" అన్నది.

ఆయన మా ఎనుక గల్లీల కొత్తగ కిరాయికి దిగిన బస్సు డ్రైవర్ అట! బాల్కొండ బస్సు నడుపుతడట. ఆయన కొడుకు మస్కట్‌ల ఉన్నడట. "మా బిడ్డ కంప్యూటర్ల మనుషుల మొకం చూపిస్తది, నువ్వు గూడ రా" అని నల్ల కాడ నీళ్లు పట్టుకుంట అమ్మ పిలిచిందట. ఆయన డిపోల దిగి, ఇంటికి గూడ పోకుండ, అదే ఖాకీల ఉరికొచ్చిండు పాపం.

మహేష్ అంత విన్నడు. దుబాయ్‌ల కూసోని దోస్తుతోని కలిసి పడిపడి నవ్విండు. ఆ నవ్వుకు పిలగాడు ఉలిక్కిపడి ఏడ్చిండు. తాళమేసే టైం అయ్యెవరకు తండ్రి ఆ ఏడుపు గూడ మురుసుకుంట చూసిండు.

తెల్లారి సెంటర్‌కు పోయి సార్‌ను నిలదీసిన. "అరే, నేను మజాక్ చేసిన! ప్రోగ్రాం పడిపోతె అది ఎట్ల పడ్డదో ఎనుకకెల్లి రాసుకునుడే ఆ డంప్‌రెప్, డీడబ్ల్యూవిన్‌ల పని. గరగర అందుకే. వద్దనుకుంటె మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌ల, అడ్వాన్స్‌డ్‌ల బంద్ చేసెటందుకు ఉంటది. అయినా సిస్టమ్‌ను నడిపే ఎస్‌వీసీహోస్ట్‌ను ఎవలన్న చంపుతరా మేడం?" అన్నడు. "మేడం" అన్న మాట మాత్రం జర గట్టిగనె అన్నడు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం మా ఇంట్ల జాతరే. డబ్బా వచ్చిందంటె అమ్మ "పంపు, పంపు" అని వొర్రుతది. రాజన్న మస్కట్‌ల ఉన్న కొడుకుతోని మాట్లాడెటందుకు వస్తడు. గని ఖాకీల రాడు. ముందు ఇంటికి పోయి, అంగి విప్పి, లుంగీ కట్టుకొని, గేటు కాడికెల్లే వొర్రుకుంట వస్తడు. "మేడం, నేనే, డ్రైవర్‌ను! సీడీ బియ్యం డబ్బాలనె ఉండనీ!"