అత్తగారింటి మీద విమానం

మా బావ విమానం నడుపుతాడు. ఈ మాట మా ఊళ్ళో ఎవరూ మొదట నమ్మలేదు. నమ్మిన తరువాత అందరూ ఒకే ప్రశ్న అడిగారు: పడిపోదా?

అక్క పెళ్ళయిన కొత్తలో బావ మా ఇంటికి వచ్చినప్పుడు ఆ ప్రశ్న నేనూ అడిగాను. అడిగానంటే నేరుగా కాదు. మగవాళ్ళ ఎదుట నాకు నోరు పెగలదు. తలుపు వెనక నిలబడి అక్క చెవిలో చెపుతాను. అక్క బావకు చెపుతుంది. బావ నాకు వినబడేటట్టు గోడ వైపు చూస్తూ జవాబిస్తాడు. మా ఇద్దరి సంభాషణ అంతా ఆ గోడతోనే నడిచింది.

"మీ చెల్లెకు చెప్పు. విమానం దానంతల అదే పడుడు తక్కువ. మనిషే పడగొడుతడు."

బావ హైదరాబాదులో నేర్చుకున్నది చిన్న విమానం. ఒకటే ఇంజను, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు కుర్చీలు, కట్టె చట్రం మీద గుడ్డ బిగించి రంగు పూసిన రెక్కలు. గుడ్డ అనగానే మా అవ్వ విస్తరి కుట్టడం ఆపి తల ఎత్తింది. అమ్మ పోయినప్పటి నుంచి మా ఇంటికి పెద్ద దిక్కు బాపును కన్న ఈ అవ్వే.

"గుడ్డ రెక్కలా? వానొస్తె తడ్వదా?"

"తడ్సినా ఏం కాదు అవ్వా. వాన మబ్బులకు పోతెనే కష్టం. మబ్బుల పడ్డంక మీదేదో కిందేదో తెల్వది. సక్కగ పోతున్న అనుకుంటనే నేలకు తగుల్తరు."

పెట్రోలు ఎంత ఉందో పుల్ల ముంచి చూసుకోకుండా పైకి లేచేవాళ్ళు ఉన్నారట. ఎండాకాలం మధ్యాహ్నం గాలి పలచబడి ఉన్నప్పుడు స్నేహితుడిని, అతని పెట్టెను, పెట్టె మీద మామిడిపండ్ల గంపను ఎక్కించుకునేవాళ్ళు ఉన్నారట. లేచీ లేవగానే ఇంజను ఆగితే ఎదురుగా ఉన్న ఏ మెట్ట చెలకలోనో దిగాలట. అలా కాక బయలుదేరిన చోటికే తిరిగి పోదామని మళ్ళేవాళ్ళు ఉంటారట. బావ వీళ్ళందరినీ బంధువుల బాగోగులు చెపుతున్నట్టు ఒక్కొక్కరుగా చెప్పాడు. చివరికి వాళ్ళలో ఎవరూ మిగల్లేదు.

"అన్నిట్ల ఎక్కువ ఏందో అడుగు" అన్నాను అక్కతో.

బావ గోడ వైపు చూసి నవ్వాడు. "ఇంజను ఆగి సచ్చినోళ్ళు తక్కువ. ఇంటోళ్ళకు చెయ్యి ఊపబోయి సచ్చినోళ్ళు ఎక్కువ."

"థూ! ఇంటికొచ్చి గదేం మాట" అని అవ్వ విస్తరి పక్కన పెట్టి లోపలికి పోయి ఉప్పు తెచ్చి బావకు దిష్టి తీసింది.

ఉప్పు పొయ్యిలో చిటపటలాడిన తరువాత బావ మూలకు ఉన్న చేట అందుకున్నాడు. చేటను ఎదురుగాలికి కొద్దిగా ఎత్తి పట్టుకుంటే గాలి దాన్ని మోస్తుంది. ఇంకొంచెం ఎత్తితే ఇంకొంచెం మోస్తుంది. ఒక హద్దు దాటిందంటే ఒక్కసారిగా వదిలేస్తుంది. విమానం రెక్కా అంతే. కిందికి వచ్చి, మెల్లగా, ఒక పక్కకు వంగి తిరుగుతూ ఎవరినో చూస్తున్నప్పుడు ఆ హద్దు దాటినట్టు నడిపేవాడికి తెలియదు. ఒక రెక్కను గాలి ముందు వదులుతుంది. విమానం ఆ రెక్క మీదుగా తిరగబడుతుంది.

"మస్తు పైన ఉంటె సదురుకోవచ్చు. తాటిచెట్టంత ఎత్తుల ఉంటె సదురుకునే జాగా ఉండది" అని బావ చేటను మూలకు పెట్టి భోజనానికి లేచాడు.

ఆ సాయంత్రం నేను అదంతా రాసి పెట్టుకున్నాను. నాకు రాసుకునే అలవాటు ఉంది గాని కాగితం దొరకదు. పోలీసు యాక్షన్ అయిపోయి ఊళ్ళోకి మిలిటరీ వచ్చింది. దొరల మీద తిరగబడిన సంఘంలో చేరిన మా ఊరి వాళ్ళు కొందరు ఇంకా గుట్టల్లోనే ఉన్నారు. వాళ్ళను లొంగిపొమ్మని చెప్పే కాగితాలను విమానాలు మా చేలల్లో చల్లిపోయేవి. ఆ కాగితాలకు ఒకవైపే అచ్చు ఉంటుంది. రెండోవైపు నాది. ఒకవైపు ఆయుధాలు అప్పజెప్పుమని, మరోవైపు పాలు విరిగాయని. సంఘపోళ్ళకు ఆ కాగితాలు ఎంత ఉపయోగపడ్డాయో నాకు తెలియదు.

తరువాత బావకు ఆ కాగితాలు చల్లే పనే దొరికింది. అప్పటికి అక్క తొలి కానుపుకు మా ఇంటికి వచ్చి ఉంది. ఒకరోజు నల్లగొండ నుంచి వచ్చిన బండాయన బావ కబురు చెప్పాడు. వచ్చే వారపు అంగడి రోజు పొద్దున కేతేపల్లి వైపు కాగితాలు వేయడానికి వస్తున్నాడట. మన ఇంటి మీదుగా ఒక చుట్టు తిరుగుతాడట. అక్కకు గాజుల మూట వేస్తాడట, ఆమెను బయట నిలబడమన్నాడట.

అక్క మొహం వెలిగిపోయింది. నా కళ్ళు మూలకు ఉన్న చేట మీదికి పోయాయి.

అవ్వ ఆ పూటే పనులు పురమాయించింది. ఇంటి అల్లుడు ఉద్యోగంలో కుదిరి మొదటిసారి వస్తుంటే ఊరు ఎదురుపోవాలి. ఎడ్లబండి మీద వచ్చే అల్లుడికి ఊరి పొలిమేర దాకా పోతారు. పైనుంచి వచ్చే అల్లుడికి ఎక్కడి దాకా పోవాలో ఎవరికీ తెలియదు కనుక అవ్వే తేల్చింది.

"మన ఎర్రచెలకల నిలబడుదాం. డప్పు కొట్టిద్దాం. కాళ్ళకు నీళ్ళు పట్టుకొని నేనుంట."

"ఆయన దిగడే అవ్వా" అంది అక్క.

"దిగుతడో దిగడో ఆయన ఇష్టం. ఎదురుపోవుడు మన ధర్మం."

ఆడవాళ్ళు చెలకలో రాళ్ళు ఏరారు. పేడనీళ్ళ సాన్పు చల్లారు. పైనుంచి కనబడాలని బండిచక్రాలంత ముగ్గులు వేశారు. మధ్యలో అక్క నిలబడడానికి ఒక పీట కూడా అలంకరించారు. నేను ముగ్గుపిండి అందిస్తూ బావ చెప్పినవన్నీ మనసులో సరిచూసుకున్నాను. కిందికి రావాలి, వస్తాడు. మెల్లగా రావాలి, వస్తాడు. ఒక పక్కకు వంగి ఒక్కరినే చూడాలి, పీట వేసి ఉంచాం. ఏ లోపమూ లేదు.

ఎవరికి చెప్పను? కడుపుతో ఉన్న మనిషి వినేటట్టు ఆమె మొగుడు పడతాడన్న మాట మా ఇళ్ళలో నోట రాకూడదు. అవ్వ దగ్గర అంటే చెంప పగులుతుంది. ఇన్నాళ్ళూ నా మాటలన్నీ అక్క మీదుగానే బయటికి పోయేవి. ఈ ఒక్క మాట ఆ దారిన పోదు.

అంగడికి ముందురోజు బాపుకు అంబలి తీసుకుని కల్లానికి పోయాను. బాపు ఎత్తుపీట మీద నిలబడి జొన్నలు తూర్పారపడుతున్నాడు.

"ఏంది బిడ్డా, గట్ల నిలబడ్డవు? చెప్పు."

బాపు చేతిలోని చేట అందుకున్నాను. గాలికి ఎదురుగా పట్టుకుని మెల్లగా ఎత్తాను. ఇంకా ఎత్తాను. చేట గుంజుకుని తిరగబడింది. జొన్నలన్నీ నా నెత్తిన పడ్డాయి. బాపు జొన్నలను చూశాడు. ఆకాశం చూశాడు. ఎర్రచెలక వైపు చూశాడు.

"అల్లుడా?" అన్నాడు.

తల ఊపాను.

"మనల జూసుకుంట?"

మళ్ళీ తల ఊపాను. బాపు ఎత్తుపీట మీద నుంచి కిందకు దిగి జొన్నలు ఊడ్చుకున్నాడు.

ఆ సాయంత్రం అన్నం తింటూ బాపు అవ్వతో అన్నాడు. "అవ్వా, రేపు చెలకకు ఎవ్వలు పోవొద్దు."

"ఎందుకురా?"

"విమానంల అల్లుడు ఒక్కడే ఉంటడా? ఎనక మిలిటరీ అఫ్సర్ ఉంటడు. చెలకల గంతమంది జమైతె, డప్పు కొడితె, ఏమనుకుంటడు? సంఘపోళ్ళ మీటింగు అనుకుంటడు."

"మా అల్లుడు మమ్ముల గుర్తుపట్టడా?"

"పైకెల్లి చూస్తె అందరం చీమలమే."

అవ్వ ముద్ద చేతిలోనే ఆగింది. విమానం చప్పుడు వినబడితే ఇళ్ళలోకి ఉరకడం మా ఊరికి కొత్త కాదు. ఆ రెండు మూడేళ్ళలో అందరూ బాగా నేర్చుకున్న చదువు అదొక్కటే. ఎవరూ బయటికి రావద్దని అవ్వ ఇంటింటికీ చెప్పి పంపింది. ముగ్గు మాత్రం చెరపనివ్వలేదు. శుభానికి వేసిన ముగ్గు చెరిపితే కీడు అంది.

మరునాడు పొద్దున మూసీ వైపు నుంచి చప్పుడు వచ్చింది. ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. కుక్కలు కూడా గడ్డివాముల కిందకు దూరాయి. అక్క కిటికీ దగ్గర కూర్చుంది. నేను తలుపుకు గొళ్ళెం పెట్టి దానికి ఆనుకుని నిలబడ్డాను.

విమానం ఊరి మీద ఒక పెద్ద చుట్టు తిరిగింది. ఎత్తులోనే ఉంది. వెళ్ళిపోతుందనుకున్నాను. అంతలో ముగ్గు కనబడి ఉంటుంది. చప్పుడు సన్నబడింది. చప్పుడు సన్నబడితే వేగం తగ్గుతున్నట్టని బావే చెప్పాడు. ఎర్రచెలక మీద అది ఒక రెక్క కిందికి వాల్చింది. కిటికీలోంచి తాటిచెట్ల తలల మీదుగా నాకు గుడ్డ రెక్క కనబడింది. ఆ పీట ఎవరి కోసం వేశారో వాళ్ళను వెతుకుతున్నట్టు తిరుగుతోంది.

"నా కోసం చూస్తున్నడే. జరుగు" అని అక్క లేచింది.

"నువ్వు కనబడొద్దు" అన్నాను.

"ఎందుకే?"

"నువ్వు కనబడితె ఇంకా కిందికొస్తడు!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. పక్కింటి వాళ్ళకు కూడా వినబడిందట. అక్క నన్ను చూసింది, మూలకు ఉన్న చేటను చూసింది. ఆ రోజు నా ప్రశ్నలు బావకు చేరవేసింది ఆమే. కడుపు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. తరువాత కిటికీ వైపు తిరగలేదు.

విమానం ఖాళీ చెలక మీద ఇంకా సగం చుట్టు తిరిగింది. మనిషి లేడు, పిట్ట లేదు, పీట ఉంది. వాలిన రెక్క మళ్ళీ సమానమైంది. చప్పుడు పెరిగింది, పెరిగి, సన్నబడకుండానే దూరమైంది. పోతూ పోతూ వేసిన గాజుల మూట మా బర్రె ముందు కుడితి గాబులో పడింది. ఒక గాజు కూడా పగల్లేదు.

పిల్లకు పురుడు చేసిన రోజు బావ నల్లగొండ నుంచి బస్సులో కొంత దూరం, ఎడ్లబండి మీద కొంత దూరం వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు. అవ్వ కాళ్ళకు వేడినీళ్ళ చెంబు అందిస్తే తీసుకోలేదు.

"గీ ఊర్ల మనుషులున్నరా? నేనొచ్చిన నాడు ఒక్కలు కనబడలే. ముగ్గేసి తలుపులు పెట్టుకునుడు ఎక్కడన్న ఉంటదా?"

"నీ ఎనక అఫ్సర్ ఉన్నడని లోపల కూసున్నం అయ్యా" అంది అవ్వ.

"ఏ అఫ్సర్? కాగితాల మూటలు తప్ప ఎవ్వలు లేరు!"

అవ్వ బాపు వైపు చూసింది. బాపు నా వైపు చూశాడు. నేను తలుపు వెనక్కి పోయాను. అక్క పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చేట, జొన్నలు, గొళ్ళెం, నా గొంతు.

బావ అవ్వ చేతిలోని చెంబు చూశాడు. తరువాత తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గోడ వైపు కాదు, నా వైపే చూశాడు.

"నాతోని నేర్చుకున్నోడొకడు ఉండె. వాళ్ళ అత్తగారిది పాలమూరు దిక్కు. పోయిన నెల విమానంల పోయిండు. ఇల్లంత బయటికొచ్చి చేతులు ఊపుతున్నరట. కొత్త ఇల్లు చూపెట్టాలని మామ మిద్దె మీదికి ఎక్కిండట. గీడు చూసుకుంట చూసుకుంట మళ్ళిండు." బావ అరచేయి చాచి ఒక పక్కకు వాల్చాడు. ఆ తరువాత చేయి దించేశాడు.

అక్క ఒళ్ళో పిల్ల ఏడ్చింది.

"నీళ్ళు చల్లారుతున్నయి బావా" అన్నాను. బావతో నేను నేరుగా అన్న మొదటి మాట అదే.

బావ కాళ్ళు కడుక్కున్నాడు. భోజనానికి కూర్చున్న తరువాత అవ్వకు ధైర్యం వచ్చింది. "ఇగ విమానం వద్దు అయ్యా. ఎన్నడొచ్చినా బస్సుల రా. ఫికర్ ఉండది."

"వస్త అవ్వా" అన్నాడు బావ. "డ్రైవరు అత్తగారూరు తోవల లేదు గదా అని అడిగి ఎక్కుత."