పలకని ఇత్తడి

రాయపూర్ రైల్వే కాలనీలో ఎవరు ఇత్తడి సామాను కొన్నా గంగాభవాని గారికి చూపించాల్సిందే. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, వేలి కణుపుతో కొడతారు. ఖంగున మోగితే తమ గోదావరి జిల్లా అజ్జరానిది, మోగకపోతే మొరాదాబాదుది. ఆ తీర్పుకి అప్పీలు లేదు. ఒకనాడు పాత సామాన్లు కొనే కబాడీవాడి బండిలో ఆవిడకి బుల్లి గోపురం లాంటి ఇత్తడి ముక్క దొరికింది. ఎంత కొట్టినా మోగలేదు. "ఇంత నాజూకు పని అజ్జరానిదే. లోపల మట్టి పట్టి మూగబోయింది" అంటూ గుమ్మంలో కూర్చుని సన్నికల్లు పొత్రం ఎత్తారు. బంగ్లాదేశ్ యుద్ధం చేసి వచ్చిన పక్కింటి సత్తిరాజు సగం గీసిన గడ్డంతో పరుగెత్తుకొచ్చాడు.

"ఆగండి పిన్నిగారూ! అది ఫిరంగి గుండు మొనకి బిగించే ఫ్యూజండీ! పేలిందంటే గల్లీ మొత్తం సాఫ్!"

పొత్రం జారి ఆవిడ కాలి పక్కన పడింది. సత్తిరాజు ఆ ముక్కను మెల్లగా అందుకుని, తిప్పి అడుగున చూశాడు. లోపల ఖాళీ. "మందు ఎప్పుడో తీసేశారండీ, డర్ లేదు" అని, అంచున చెక్కిన అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "ఇంగ్లండులో చేసిన మాల్ అండీ."

గంగాభవాని గారు కొంగుతో చెమట తుడుచుకున్నారు. అంతలోనే మొహం విప్పారింది.

"అదీ సంగతి! ఇందాకట్నుంచి కొడుతుంటే పలకదేం అనుకున్నాను. ఇంగ్లండుదానికి తెలుగేం వస్తుంది నాయనా!"