డెక్ మీద ఆవిడ అడిగిన ఫోటో

అలాస్కా క్రూజ్‌లో ఆ రోజు తిమింగలాల కోసం పొద్దుటినుంచీ కెమెరా పట్టుకుని డెక్ మీదే ఉన్నాను. చివరికి ఒకటి కనిపించింది. చచ్చిపోయిన పిల్లను ముక్కుతో నీటిపైకి ఎత్తుతోంది. జారిపోతే మునిగి మళ్లీ ఎత్తుతోంది. చుట్టూ ఫోన్లు లేచాయి. నాకు మాత్రం తీయడానికి చేతులు రాలేదు. కెమెరా దించేశాను.

పక్కనే నిలబడ్డ ఎవరో తెలుగావిడ, "దించకండి, తీయండి," అంది.

నేను తెల్లబోయి చూశాను.

"మా పాప పుట్టిన గంటకే పోయిందండీ. హాస్పిటల్‌లో నర్స్ ఫోటో తీసిస్తానంది. అశుభమని మేమే వద్దన్నాం. ఇప్పుడు మొహం గుర్తు రావట్లేదు."

తీశాను. స్క్రీన్ చూపించబోతే ఆవిడ తల తిప్పేసుకుంది.

"ఉంది కదా, చాలు."

నేనూ ఆ ఫోటో మళ్లీ తెరవలేదు. డిలీట్ చేయనూ లేదు.