పడని వాన నేను రాయలేదు

దగ్గరికి జరిగి కూర్చోండి, కాళ్లు చాపుకోండి, ఇది మీ ఇల్లే. మూడో తరగతితో బడి మానేసిన నేను ఒక పెద్ద సైంటిస్టు మాట కాదన్న సంగతి చెబుతాను.

మా చెల్లెలు బాగా చదివి, దేశంలోని ఒక పెద్ద పరిశోధనశాలలో కంప్యూటర్ శాస్త్రవేత్త అయింది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో దాని పని ఒకటే: మా బెళుగుప్ప వైపు రైతు వేరుశనగ ఎప్పుడు విత్తాలో చెప్పే ప్రోగ్రాం రాయడం. అందుకు ఊరూరి వాన లెక్క కావాలి. మా చేనిగట్టున వాన కొలిచే డబ్బా నిలబెట్టి, నోటుబుక్కు నా చేతిలో పెట్టింది.

"నీళ్లు ఎంత ఉంటే అంత రాయక్కా. ఇంకేమీ వద్దు."

నేను ఇంకొకటి కూడా రాశాను. వాన పడిన మర్నాడు మా నాయన చేసినట్టే చేలో జానెడు లోతు తవ్వి, అడుగు మట్టిని పిడికిట పట్టి పిసికేదాన్ని. ముద్దయితే "నిలిచింది". కాకపోతే "రాలింది". ముద్ద నిలవనిదే మా దగ్గర ఎవరూ విత్తనం వేయరు.

నాలుగో ఏడు చెల్లెలి పై అధికారి, ఆ పెద్ద సైంటిస్టే, జీపులో వచ్చాడు. వెనకే దిగిన చెల్లెలి ముఖం వాడిపోయి ఉంది. ఆయన నా పుస్తకం తిప్పి ఒకచోట ఆగాడు.

"మొన్న మండలాఫీసు డబ్బాలో మంచి వాన. మీరేమో సున్నా వేశారు. చూడటం మరిచిపోయుంటారమ్మా, ఆ అంకె ఇక్కడ వేసేయండి."

"వాన పడలేదు సారూ."

"లెక్కలు కలవకపోతే మీ చెల్లెలి ప్రోగ్రాం మూసేస్తారు. నాలుగేళ్ల పని!"

చెల్లెలు ఒక్కసారి కళ్లతో అడిగినా రాసేసేదాన్నేమో. తల దించుకునే ఉంది.

"ఏమప్పా సారూ, పడని వాన యాడనుంచి తెచ్చేది? నీ అంకె నమ్ముకోని మావోళ్లు ఇత్తనాలు దుమ్ములో పోసుకుంటే, నువ్వొచ్చి మొలిపిస్తావా?"

గడ్డపార ఆయన చేతికే ఇచ్చాను. "తవ్వు. జానెడు చాలు."

తవ్వాడు. చొక్కా తడిసింది గానీ మట్టిలో తడి కనబడలేదు. వేళ్ల సందుల్లోంచి పిండిలా జారిపోయింది. మండలాఫీసు వైపు మిట్ట అవతలికి తీసుకుపోయి మళ్లీ తవ్వించాను. అక్కడి మట్టి సంగటి ముద్దలా నిలిచింది.

"చూసినావా? వాన ఈ మిట్ట కాడిదాకా వచ్చి నిలిచిపోయినాది."

"ఒక్క చేను కోసం ప్రోగ్రాం మారుస్తారా ఎవరైనా?" అన్నాడు చెల్లెలితో.

అది తలెత్తింది. ఆఫీసు తెలుగు వదిలేసి మా ఊరి మాటలోకి దిగింది.

"మారుస్తా సార్. సున్నా సున్నాగానే ఉంటాది. మా అక్క ముద్దకూ ఒక గడి పెడతా. మూసేస్తే మూసేయండి."

ఆయన చేతుల మట్టి కడుక్కోకుండానే జీపెక్కాడు. ఆ ఏడు చెల్లెలికి రావలసిన పెద్ద పదవి ఇంకొకరికి పోయింది. అది వెనక్కి తగ్గలేదు. రెండేళ్లు ఊరూరా తిరిగి ముద్ద లెక్క రాయించింది. ఆ లెక్కతో చెప్పిన విత్తే అదను సరిపోవడంతో ప్రోగ్రాం నిలబడింది. ఒకరోజు నన్ను పరిశోధనశాలకు తీసుకుపోయి తెర చూపించింది. అంకెల పక్కన, తెలుగు అక్షరాల్లో, నా రెండు మాటలు: నిలిచింది, రాలింది.

మీరు చల్లగా ఉండండి. మీ చేలో పిడికిట పట్టిన మట్టి ఎప్పుడూ ముద్దగా నిలవాలి. మీ పిల్లలు ఎంత పెద్ద ఆఫీసులో కూర్చున్నా, సున్నాను సున్నా అని చెప్పే గుండె వాళ్లకు ఉండాలి.