హోసియత్ ఆపా వీడియోలో మంచు

"ఇంతకీ నువ్వు బాగుచేస్తున్నావా, చెడగొడుతున్నావా?"

కోకంద్ ఊరి బజారులో, ఖర్బూజాల వరుస పక్కన, పదిమంది వింటుండగా హోసియత్ ఆపా నిషాన్ ఉస్తాని అడిగిన మాట ఇది. ఆమె చంకలో తువ్వాలు చుట్టిన వీడియో రికార్డరు ఉంది. నెల రోజుల్లో దాన్ని తేవడం ఇది మూడోసారి.

నిషాన్‌కి నలభై రెండేళ్లు. పత్తి మిల్లులో లౌడ్‌స్పీకర్లు చూసుకునే ఉద్యోగం సోవియట్ దేశంతోపాటే పోయింది. బజారు గోడకి ఆనించి ఒక రేకుల బడ్డీ పెట్టుకున్నాడు. ఆ తర్వాతి అయిదేళ్లలో ఊళ్లోకి వీడియోలు వచ్చాయి, వాటి వెనకే వాటి జబ్బులూ వచ్చాయి. మొదటిది రంగు రాకపోవడం. దుబాయి నుంచి వచ్చిన వీడియో పెట్టె పంపే రంగు పాత సోవియట్ టీవీకి అర్థం కాదు. పెళ్లికూతురి ఎర్ర శాలువా బూడిదరంగులో కనిపిస్తుంది. లోపల అగ్గిపెట్టెంత పలక అతికిస్తే కుదురుతుంది. రెండోది మాట రాకపోవడం. టీవీ ఒకచోట చెవి పెడుతుంది, వీడియో ఇంకోచోట మాట్లాడుతుంది. ఒక మర తిప్పి ఇద్దర్నీ కలపాలి. మూడోది మంచు. టేపుని చదివే హెడ్డుకి మురికి పడితే బొమ్మ నిండా తెల్లచుక్కలు రాలుతుంటాయి. స్పిరిట్‌లో తడిపిన మేకతోలు ముక్కతో తుడిస్తే పోతుంది. ఆ స్పిరిట్ సీసా చూసి అతన్ని తాగుబోతనుకునేవాళ్లు ఉన్నారు. అతను కాదనడం మానేశాడు. తాగని ఉస్తాని ఆ ఊళ్లో ఎవరూ పెద్దగా నమ్మరు.

ఉస్తా అంటే పనిలో ఆరితేరినవాడు. ఆ బిరుదుకి కాగితం ఉండదు. ఊరే ఇస్తుంది, ఊరే పీక్కుంటుంది. హోసియత్ ఆపా రొట్టెలు కాల్చి రోజూ నలభై ఇళ్లకి వేస్తుంది. మొదటి ఇంట్లో ఆమె అన్నమాట, రొట్టె చల్లారకముందే నలభయ్యో ఇంటికి చేరుతుంది. నిషాన్ భయం అదే.

ఆపా కంగారుకీ కారణం ఉంది. రెండు నెలల కిందట కూతురు ముఅజ్జంకి పెళ్లి చేసింది. అక్కడి ఆచారం ప్రకారం పెళ్లి మర్నాడు అత్తవారి చుట్టాల పేర్లు ఒక్కొక్కటీ ఒక పాటగత్తె గొంతెత్తి పిలుస్తుంది, కొత్త కోడలు ఒక్కొక్కరికీ వంగి సలాం చేస్తుంది. పెళ్లికొడుకు మేనత్త బషోరత్, తన పేరు పిలవనే లేదని పట్టుబట్టి కూచుంది. పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చిన ముఅజ్జంని తీసుకెళ్లడానికి అటునుంచి ఎవరూ రాలేదు. చివరికి పెద్దలు ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదివారం అందరూ కలిసి ఆ సలాంలు తీసిన పెళ్లి క్యాసెట్ చూస్తారు. పేరు వినపడితే, సలాం కనపడితే, పిల్ల అత్తారింటికి వెళ్తుంది.

"ఆదివారం నాకు బొమ్మా కావాలి, మాటా కావాలి," అంది ఆపా. "రాకపోతే, నిన్ను ఉస్తా అన్న నోటితోనే ఇంకేమని పిలవాలో నాకు తెలుసు."

నిషాన్ పెట్టె విప్పాడు. మామూలు మురికి గోధుమరంగులో ఉంటుంది. ఇది నల్లగా, జిగురుగా ఉంది. తందూరు పొయ్యి పక్కన గాని పెడుతున్నారా అని అడిగితే ఆపాకి రోషం వచ్చింది. ఇంటికొచ్చిన కోడలిని చూసుకున్నట్టు చూసుకుంటోందట. అతిథుల గదిలో, పట్టు బొంతల దొంతి మీద, లేసు గుడ్డ కప్పి ఉంచుతోందట. నిషాన్ తుడిచి చూపించాడు. బడ్డీలో బొమ్మ అద్దంలా వచ్చింది. అదివరకు రెండుసార్లూ అలాగే వచ్చింది.

ఆదివారం పెట్టెని తనే మోసుకెళ్లాడు. టీవీకి తగిలిస్తే మొదట ఒకటే గుయ్యిమన్న మోత. మర తిప్పాడు, పాటగత్తె గొంతు పలికింది. బొమ్మా శుభ్రంగా ఉంది. ఇక వెళ్తానంటే ఆపా ఒప్పుకోలేదు. పలావు తినకుండా ఆ గుమ్మం ఎవరూ దాటరు. వాకిట్లో మగవాళ్ల పక్కన కూచోబెట్టారు. అక్కడ పెద్దల ఎదుట తాగడం తప్పు కాబట్టి వోద్కాని టీకుండలో పోసి, పింగాణీ గిన్నెల్లో వంచుకుని, వేడి చల్లారుస్తున్నట్టు ఊదుకుంటూ తాగుతున్నారు. పెద్దలకీ అందులోంచే పోస్తున్నారు.

వియ్యాలవారి కారు వీధి మొదట్లో ఆగిందని కబురొచ్చింది. నిషాన్ చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లేసరికి లోపలంతా పొగ. ఆపా మూకుడులో ఇసిరిక్ ఆకు కాలుస్తూ, వీడియో చుట్టూ తిప్పుతోంది. క్యాసెట్ పెట్టే మూతని వేలితో ఎత్తి పట్టి, పొగ లోపలికి కూడా పోయేలా ఊదుతోంది.

"ఏం చేస్తున్నారు ఆపా?"

"కనపడ్డంలా? దిష్టి తీస్తున్నా. వచ్చేవాళ్ల కళ్లన్నీ దీని మీదేగా."

"బాగుచేసి పంపిన ప్రతిసారీ తీశారా?"

"తియ్యకుండా ఎలా ఉంటాను తమ్ముడూ? ఇంటికి తెచ్చిన రోజు మూడుసార్లు తిప్పా. చెడిపోయాక ఇంకో మూడుసార్లు తిప్పా. అయినా నిలవలేదంటే నీ చెయ్యి ఎలాంటిదో నువ్వే ఆలోచించుకో."

గోడవారగా నలుగురు ముసలమ్మలు కూచుని ఉన్నారు. ఇసిరిక్ పొగకి చెడిపోయిందంటే అతన్ని నాస్తికుడని తేల్చేస్తారు. చదువుకున్నవాళ్లు ఇలాంటిచోట నిజం చెప్పి ఓడిపోయి, ఇంటికెళ్లి దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. నిషాన్‌కి అంత తీరిక లేదు.

"దిష్టి పెట్టేది చూసేవాళ్లు కదా ఆపా, పెట్టె కాదు కదా," అన్నాడు. "గుమ్మం దగ్గర నిలబడి వాళ్ల చుట్టూ తిప్పండి. ఈ నోరులేనిదాన్ని ఏడిపిస్తే ఏమొస్తుంది?"

ఆపా మూకుడుని పెట్టె మీంచి పక్కకి తీసింది. "అదీ నిజమే. బషోరత్‌కి రెండుసార్లు తిప్పుతా," అంటూ మూకుడుతో బయటికి నడిచింది.

నిషాన్ మూత విప్పాడు. హెడ్డు నిండా మసి. స్పిరిట్ సీసా బడ్డీలోనే ఉండిపోయింది. వాకిట్లోకి పరిగెత్తి ఆపా మరిదిని, తెల్లగడ్డం పెద్దమనిషిని, టీకుండ ఇమ్మన్నాడు.

"టీతో మిషను కడుగుతావురా?"

"ఈ టీతో కడగొచ్చు."

పెద్దాయన కుండ వంక చూసి, మిగతా పెద్దల వంక చూసి, ఏమీ ఎరగనట్టు అందించాడు.

గుమ్మం దగ్గర వియ్యాలవారు ఒక్కొక్కరే దగ్గుతూ లోపలికొచ్చేసరికి పని అయింది. క్యాసెట్ తిరిగింది. ఒకటి రెండు చుక్కలు రాలాయి, ఆగాయి. పాటగత్తె పేర్లు పిలుస్తూ పోయింది. ఏడో పేరు బషోరత్ అత్త. గదిలో అందరికీ వినపడింది. తెర మీద ముఅజ్జం నడుం దాకా వంగి సలాం చేసింది. ఆమె ఎదుట బషోరత్ వీపు తిప్పి కూచుని, గుర్రపు మాంసం ముక్కలు గుడ్డలో మూటకట్టి సంచిలో పెట్టుకుంటోంది.

పెద్దాయనే అన్నాడు: "పేరు పిలిచారమ్మా. నువ్వే పనిలో ఉన్నావు."

పెళ్లి భోజనం మూటకట్టుకోనివాళ్లు ఎవరున్నారో చెప్పమంది బషోరత్. తర్వాత ఆ ముక్క వెనక్కి తిప్పమంది, తన కొత్త శాలువా ఎలా ఉందో చూడాలట. రెండుసార్లు చూసింది. పొద్దు వాలకముందే ముఅజ్జం ఆమె పక్కనే కారులో కూచుని అత్తారింటికి వెళ్లిపోయింది.

మర్నాడు నలభై ఇళ్లకి రొట్టెతోపాటు నిషాన్ ఉస్తా పేరు కూడా చేరింది. ఆ వారం అతని బడ్డీకి పదకొండు వీడియోలు వచ్చాయి. తొమ్మిదింటి హెడ్ల మీద నల్లటి మసి ఉంది. ప్రతి ఇంటివాళ్లకీ, పొగ వేయాల్సింది చూసేవాళ్లకని చెప్పి పంపాడు.

ఆదివారం తుడిచినందుకు కూలి అరవై సోమ్‌లు అడిగితే, ఆ రోజు వాడింది తన టీయే కదా అంది ఆపా. ఆ తర్వాత ఇస్తాలే అంది. ఆ అరవై సోమ్‌లు ఇంకా రావాలి.