మంద ముందు నడవని పెద్దమనిషి

ఉదయగిరి కొండ చూసి చాలా ఏళ్ళయింది. ఈసారి వెళ్ళింది కోట కోసం కాదు, మాలకొండయ్య ఫోను చేశాడని. చిన్ననాటి నేస్తం, కొండ కింద గొర్రెలు మేపుతాడు. "రేపు మా మేత బీడు అడిగేదానికి పెద్దోళ్ళు వస్తుండారు రా. ఏందో కంపెనీకి కంచె వేస్తారంట. బీడు పోతే జీవాల్ని అమ్ముకోవాల్సిందే. నువ్వు చరిత్ర చదివినోడివి, వచ్చి పక్కన నిలబడు" అన్నాడు. నా చదువు బడిలోది కాదు లెండి. శనక్కాయలు తిన్నాక పొట్లం కాగితాలు చదివి నేర్చుకున్నది. అందుకే నాకు తెలిసిన ఏ రాజు కథకూ చివరి పేజీ ఉండదు.

నెల్లూరులో తెల్లవారుజామున బస్సెక్కితే సంగం దగ్గర పెన్నను లేత ఎండలో చూస్తారు. ఆత్మకూరులో దిగి టిఫిన్ చేసి, ఉదయగిరి బస్సు అందుకోవచ్చు. నేను తిన్న చిన్న హోటల్లో దోసెలు పోసే ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏందయ్యా, ఓట్లకొచ్చినావా?" అంది. "అలా కనిపిస్తున్నానా అమ్మా?" అన్నాను. "ఖద్దరు చొక్కా ఉండాది గదా" అంటూ చట్నీ కాస్త తగ్గించి వేసింది. నా చిన్నప్పుడు ఇదే ఆత్మకూరులో ఖద్దరు చొక్కా కనిపిస్తే లేచి పీట వేసేవారు. ఆ పీటలు తలుచుకుంటూ ఆ కాస్త చట్నీతోనే దోసె ముగించాను.

ఉదయగిరి బస్టాండు నుంచి కొండ కిందికి షేర్ ఆటోలు ఉంటాయి. మాలకొండయ్య మందతో ఎదురుచూస్తున్నాడు. పైన కూలిన గోడలు చూడగానే నాకు ఉపన్యాసం పొంగుకొచ్చింది. "గజపతులు ఎక్కినారు, విజయనగరం వాళ్ళు దించినారు. నవాబులు ఎక్కినారు, దొరలు దించినారు. పైకెక్కినోడు కిందోళ్ళను మరిచిపోతాడు, కిందోళ్ళు నమ్మడం మానేస్తారు, వాడు దిగిపోతాడు. ఇదంతా చక్రం రా. ఇప్పుడొచ్చే ఈ పెద్దోళ్ళూ అంతే."

"దిగిపోయేదాకా నా జీవాలు ఏం తినాల? నీ చక్రమా?" అన్నాడు వాడు. 

ఇంతలో కారు వచ్చింది. దిగిన నాయకుడు నవ్వుతూ, "కొండ అవతల ఇంతకన్నా మంచి మేత ఇప్పిస్తాం. నన్ను నమ్మండి" అన్నాడు.

ఇక్కడొక పద్ధతి ఉంది. పొలానికి ఎరువు కావాలని మందను పిలిచే రైతు కబురు పంపడు. తనే వచ్చి, మంద ముందు నడిచి, తన చేను చూపిస్తాడు. ఎంత ఆసామి అయినా సరే, అతను నడవకపోతే మంద కదలదు.

"సరే నాయనా, ముందు నడువు. ఆ మేత చూపీ" అన్నాడు మాలకొండయ్య.

"మ్యాపులో ఉందయ్యా. కారెక్కు, చూపిస్తా."

"నేనెక్కితే చాలదు గదా సామీ. తినేది ఇవి."

కారు చూసి చుట్టూ జనం మూగారు. ఆయన నడవక తప్పలేదు. మంద వెంట కదిలింది. కంపచెట్ల దాకా వెళ్ళి ఆగిపోయి, "ఎటయ్యా?" అని అసిస్టెంటును అడిగాడు. ఆ అబ్బాయి ఫోను అటూ ఇటూ తిప్పాడు. గొర్రెలన్నీ తలలెత్తి ఆయన వైపే చూస్తున్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు, ఇక అందరూ నవ్వేశారు. బీడు ఇచ్చే కాగితాల మీద సంతకాలేవీ పడలేదు. "మళ్ళీ వస్తా" అంటూ ఆయన కారెక్కాడు.

దుమ్ము సర్దుకున్నాక చూస్తే మాలకొండయ్య ముఖంలో నవ్వు లేదు. "మా నాయన అయితే మాట వినంగానే నమ్మేవాడు రా. ఈయన దోవ తెలిసి నడిచుంటే నేనూ వెనకాల పోయుందును" అన్నాడు.

తిరుగు బస్సులో నా తలలో ఆ మాటే తిరిగింది. దిగిపోయిన పెద్దల మీద నాకు బెంగేమీ లేదు. వాళ్ళను నమ్మిన మా నాయనల మీదే బెంగ. నమ్మకం పోయేదాకా చక్రం గబగబా తిరుగుతుంది, ఆ నమ్మకం మళ్ళీ పైకి రావడానికి మాత్రం ఎవరో ఒకరు కాలినడకన బయలుదేరాలి.

కొండెక్కేవారికి ఒక్క మాట: ఎండ ముదరక ముందే ఎక్కండి. పైన నీళ్ళు ఉన్నాయని ఎవరు హామీ ఇచ్చినా సరే, మీ సీసాలు మీరే మోసుకెళ్ళండి.