పూల సంఘం డేటాబేసు

చేవెళ్లలో పూల రైతుల సంఘం ఆఫీసు తలుపు తీయగానే కృపాజ్యోతి కీబోర్డు మీది దుమ్ము దులిపి, కంప్యూటరు మీట నొక్కి, అది లేచేదాకా కళ్లు మూసుకుని నిలబడుతుంది. ప్రార్థన చిన్నదే. "ప్రభువా, ఇయ్యాలన్న సక్కగ లేవనియ్యి." నిరుడు శ్రావణం దాకా ఆమె కళ్లు తెరిచేసరికి తెర మీద ఒకటే మాట ఉండేది: మెయిలు సేవ మొదలు కాలేదు.

ఆ కంప్యూటర్లో లైనక్స్ వేసింది ఆమే. పాత యంత్రం కొత్త విండోస్‌ను మోయలేనంటే, పారేయడం ఎందుకని వీడియోలు చూసి నేర్చుకుని వేసింది. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు పుణ్యమా అని ఆ గదిలో ఏది చెడినా లైనక్స్ తప్పయింది, లైనక్స్ తప్పల్లా కృపాజ్యోతిదయింది. ఫ్యాను కిర్రుమన్నా సరే, గులాబీల కట్టలు కట్టే సత్తమ్మ తల ఎత్తకుండానే అనేది: "నీ లైనక్స్ మొత్తుకుంటున్నది, జర సూడు పిల్లా."

అసలు సంగతి కృపాజ్యోతికి తెలుసు. మెయిళ్లూ చిరునామాలూ చూపించే ఆ ప్రోగ్రాం వెనక ఒక డేటాబేసు పనిచేస్తూ ఉంటుంది. ఏ మెయిలు ఎక్కడుందో, ఎవరి నంబరు ఎక్కడుందో దానికే గుర్తు. పని ముగించే ముందు అన్నీ సర్దుకోవడానికి దానికి కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధి రామచంద్రయ్య ఇవ్వడు.

రామచంద్రయ్య సంఘం అధ్యక్షుడు. కనకమామిడిలో ఆయనకు జెర్బెరా తోట ఉంది. ఒకప్పుడు స్టార్టరు ఆపి, మెయిను స్విచ్చి తీయడం మరిచిపోయినందుకు ఆయన బోరు మోటారు కాలిపోయింది. అప్పటి నుంచి ఆయన ఏ తీగనూ నమ్మడు. సాయంత్రం ఆఫీసుకు తాళం వేసే పని ఎవరికీ ఇవ్వకుండా తనే పెట్టుకున్నాడు. లోపలికి రాగానే ఆయన చేయి మొదట పోయేది మెయిను మీదికే.

"బాపూ, ఒక్క నిమిషం. కంప్యూటరు బందైతున్నది."

"నేను గూడ బందే జేస్తున్న గద బిడ్డా!" అని కిందికి గుంజేవాడు. "కరెంటుతోని మొహమాటం పనికిరాదు."

కరెంటు పోయినా కంప్యూటరును కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె ఒకటి కొందామని ఆమె ధైర్యం చేసి అడిగింది. "అండ్ల గూడ తీగలే గద" అన్నాడాయన. ఆ తర్వాత మళ్లీ అడగడానికి ఆమెకు నోరు రాలేదు. రోజూ పొద్దున డేటాబేసుకు దెబ్బలు తుడవడమే తేలికనిపించింది.

శ్రావణం పెళ్లిళ్లు మొదలైన వారంలో ఒక పొద్దున ఆ తుడవడం కూడా పనిచేయలేదు. సిటీ డెకరేషన్ వాళ్ల పెద్ద ఆర్డరు ఆమె ఫోనులో కనబడుతోంది గాని, ఏ రైతు దగ్గర ఏ పువ్వుందో, ఎవరిని అడగాలో అంతా కంప్యూటర్లోనే ఉంది.

రామచంద్రయ్య కోప్పడలేదు. అదే ఆమెను భయపెట్టింది.

"నెట్ సెంటరు ప్రశాంతును రమ్మన్న. విండోస్ ఏస్తడట. ఆఫీసు పని గూడ ఆయననే సూసుకుంటనన్నడు. నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా. ఇంటికాడ అవ్వకు తోడుంటవు."

ఇంత మెత్తగా ఉద్యోగం పోతుందని ఆమె ఊహించలేదు.

అంతకుముందే ఆమె ఇంటర్నెట్‌లో ఈ గొడవ గురించి అడిగి ఉంది. ఎక్కడెక్కడి వాళ్లో జవాబులు రాశారు. ఒకాయన ఇంకా పెద్ద డేటాబేసు పెట్టుకోమన్నాడు. ఇంకొకాయన మాత్రం, మీరు కంప్యూటరును పద్ధతిగా ఎందుకు ఆపరు అని మర్యాదగా అడిగాడు. దానికి జవాబు రాయాలంటే రామచంద్రయ్యను మొత్తం వర్ణించాలి. ఆమె రాయలేదు.

ఆయన చేతిని మార్చడం తన వల్ల కాదు. మిగిలింది డేటాబేసును మార్చడం. సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస చాలు: ఇప్పుడున్న డేటాబేసు పేరు మై ఎస్‌క్యూఎల్ అన్నచోట, ఎస్‌క్యూలైట్ అని ఇంకో చిన్నదాని పేరు రాయాలి. దానికి వేరే సర్వరు అక్కరలేదు, అంతా ఒకే ఫైలులో ఉంటుంది, కరెంటు పోయినా చాలావరకు తనే తేరుకుంటుంది. ఇన్నాళ్లూ ఆమెను ఆపింది భయం. ఏది ఎక్కడుందో చెప్పే పాత సూచిక పోయి కొత్తది ఖాళీగా మొదలవుతుంది. చిరునామాలు డిస్కు మీద విడి ఫైళ్లుగా ఉంటాయని, వాటికేమీ కాదని చదివింది. చదివినదాన్ని నమ్మి ఉద్యోగాన్ని పణంగా పెట్టడం వేరే సంగతి.

చిరునామాలను పెన్‌డ్రైవులోకి ఎక్కించింది. మెయిలు సేవ ఆపింది. వరుస మార్చి భద్రం చేసింది. అప్పుడే రామచంద్రయ్య తోటలోని స్టెబిలైజరును చంకన పెట్టుకుని లోపలికి వచ్చాడు, వెనకాలే ప్రశాంత్.

"జర పక్కకు జరుగు బిడ్డా, ఇది గూడ పెట్టి సూద్దం." అడగకుండానే మెయిను గుంజాడు, తీగలు తగిలించాడు, మళ్లీ ఎత్తాడు.

కంప్యూటరు లేచింది. ప్రోగ్రాం తెరుచుకుంది. చిరునామాల చోటు తెల్లగా ఉంది.

"అన్ని పోయినయ్ గద అక్కా" అన్నాడు ప్రశాంత్, పెద్దగా బాధ లేకుండా.

కొత్త డేటాబేసు డిస్కు మీది ఫైళ్లను మొదటి నుంచి చదువుకోవాలి; కృపాజ్యోతి తెర వైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఒక పేరు పడింది: మోకిల డెకరేషన్. తర్వాత ప్రొద్దుటూరు చామంతి. ఆ తర్వాత జల్లు పడ్డట్టు పేర్లన్నీ పడ్డాయి. ఆమె రైతులకు ఫోన్లు చేసి, ఆర్డరుకు సరేనని జవాబు పంపింది.

రామచంద్రయ్య స్టెబిలైజరును ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరాడు. "సూసిన్రా? రోగం కరెంటుది!"

"నేను గప్పుడే అనుకున్న బాపూ, కరెంటు ప్రాబ్లమేనని" అని ప్రశాంత్ బ్యాగు సర్దుకున్నాడు.

కృపాజ్యోతి ఆ మాటలో తప్పు పట్టాలని చూసింది. దొరకలేదు.

"ఇగ బాపుకు శాలువ గప్పాలె" అంది సత్తమ్మ నవ్వుతూ. ఆమె ఎకసెక్కానికి అన్నా, సంఘం నిజంగానే సర్వసభ్య సమావేశంలో కప్పింది. అధ్యక్షులవారి సాంకేతిక పరిజ్ఞానాన్ని కొనియాడే తీర్మానాన్ని కృపాజ్యోతే తప్పుల్లేకుండా టైపు చేసింది. ఆ సాయంత్రం కూడా ఆయన మెయిను గుంజాడు. తెల్లారి మెయిళ్లు మామూలుగానే తెరుచుకున్నాయి.

ఈ ఏడు సంఘం ఆమె ఉద్యోగాన్ని పర్మనెంటు చేసింది. హోదా టైపిస్టు. మొయినాబాదు నుంచి రోజూ బస్సులో వచ్చి పోతుంది.